మూతలు మారిన పాములు

నేను ఏం ఉద్యోగం చేశానని అడిగితే ఒక్క మాటలో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. మా ఊళ్ళో నేను దుబాయి పోయి వచ్చినవాణ్ని. పోయింది బహ్రెయిన్‌కి అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు అది దుబాయే. వీసా మీద మేస్త్రీ అని రాసి ఉండేది. మొదటి పన్నెండేళ్ళు ఆ మాట నిజమే. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మాత్రం నేను చేసింది పాములకు నీళ్ళు మార్చడం, ఎలుకలు పెట్టడం, వారానికోసారి ఒక్కొక్కదాన్నీ తూచి బరువు రాయడం.

కొత్తగా వెళ్ళబోయే పిల్లలు నా దగ్గరికొచ్చి, "అక్కడ ఎట్లుంటది కాకా?" అని అడుగుతుంటారు. ఎండ గురించి, క్యాంపు గురించి, ఓవర్‌టైం గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను చెప్పగలిగింది వేరు. పనిలో ఒక తప్పు చేసి, దాన్ని ఎనిమిది నెలలు కడుపులో దాచుకుని, ఒక శుక్రవారం పొద్దున కక్కేసిన సంగతి.

ముందు పాముల దగ్గరికి ఎలా చేరానో చెప్పాలి. అప్పటికి నా మోకాళ్ళు అరిగిపోయాయి. పరంజా ఎక్కితే దిగలేకపోయేవాణ్ని. నువైద్రాత్ దగ్గర మా క్యాంపుకి ఒకరోజు సూపర్‌వైజర్ వచ్చి, మాకు వీసా ఇచ్చిన కఫీల్ బంధువు ఇంట్లో మనిషి కావాలని, జంతువులను చూసుకోవాలని, రోజంతా ఏసీలోనే పని అని చెప్పాడు. మేకలో గుర్రాలో అనుకుని ఆరుగురం చేతులెత్తాం. "పాములు" అనగానే ఐదు చేతులు దిగిపోయాయి. నాది దిగేలోపే ఆయన నన్ను చూసేశాడు. నా ధైర్యం గురించి మా ఊళ్ళో చాలా కథలున్నాయి గానీ, అసలు జరిగింది ఇంతే.

ఆ బంధువు ఒక బహ్రెయినీ పెద్దమనిషి. బడిలో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయినవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఈసా టౌన్‌లో ఆయన ఇల్లు. భార్య పోయింది, పిల్లలు లేరు. వెనకవైపు పెద్ద గదిలో బోవా పాములు, పర్మిట్ కాగితాలన్నీ పద్ధతిగా ఉన్నవి. విషం లేనివి. పట్టుకుని చుట్టుకునే రకం. ఆయన మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. నేను వాటిని నా తెలుగులోకి మార్చి రాస్తున్నాను.

ఆ ఇంట్లో ఇంకో తెలుగువాడు ఉండేవాడు. గోదావరి జిల్లా మనిషి. వంటా అతనే, కారూ అతనే. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అన్నయ్యా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. శుక్రవారం వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని, బైబిలు పట్టుకుని తెలుగు సహవాసం ప్రార్థనకు వెళ్ళేవాడు. పాముల గది గడప మాత్రం తొక్కేవాడు కాదు. పాములకు పెట్టే ఎలుకలు గడ్డకట్టించినవి వచ్చేవి. వాటికి వేరే ఫ్రీజర్ ఉన్నా కూడా, అతను వంటింటి ఫ్రిజ్ మీద తెలుగులో "ఇది మనుషులది" అని రాసి అంటించాడు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగింది మేమిద్దరమే. అది ఎవరి కోసమో నాకు అర్థమైంది.

ఉస్తాద్‌కి ఒక కోరిక ఉండేది. బోవాల్లో మామూలు రకం ఆడది బాగా పెరిగితే మనిషి కంటే పొడుగవుతుంది. కొన్ని దీవుల్లో ఉండే రకం మాత్రం అందులో సగానికి అటూ ఇటూగా ఆగిపోతుంది. పెద్ద రకం ఆడదాన్ని, దీవి రకం మగదాన్ని కలిపితే, ఫ్లాటులో ఉండేవాళ్ళు కూడా భయం లేకుండా పెంచుకోగలిగే పాము వస్తుందని ఆయన లెక్క. ఒక ఏడు వేసవి మొదట్లో అలాంటి ఈత ఒకటి పడింది. బోవాలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. అదే వారంలో రెండు పెద్ద పాములకు పుట్టిన మామూలు ఈత ఇంకొకటి. రెండు ఈతల పిల్లల్నీ పక్కపక్కన పెడితే నాకు ఏమీ తేడా కనిపించలేదు.

"తండ్రి చిన్నదైతే పిల్లలు చిన్నగా పుట్టాలె గద ఉస్తాద్?" అని అడిగాను.

"పుట్టేటప్పుడు సైజు తల్లి కడుపును బట్టి ఉంటుంది. రెండింటికీ తల్లులు పెద్దవే. తండ్రి సంగతి తర్వాత తెలుస్తుంది, పెరిగేటప్పుడు" అన్నాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "మీ అన్నదమ్ములెందరు?" అని అడిగాడు.

"ముగ్గురం. మా అన్న దర్వాజ కింద వంగి పోతడు. నేను ఇగో, ఇంతే. తమ్ముడు నడుమ."

"అమ్మా నాన్నా వాళ్ళేగా?"

"వాళ్ళే ఉస్తాద్! ఏం మాట్లాడుతున్నరు?"

ఆయన పగలబడి నవ్వాడు. పాము రంగు కొన్నిసార్లు ఒక్క గుణం వల్లే మారిపోతుందట. ఒంటి సైజు అలా కాదట. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చే ఎన్నో చిన్న చిన్న గుణాలు కలిస్తే ఒక సైజు. అందుకే పెద్దదానికీ చిన్నదానికీ పుట్టినవి మధ్యస్తంగా వస్తాయి, వాటిలో వాటికీ తేడాలుంటాయి. నేను మేస్త్రీని కాబట్టి దాన్ని నా లెక్కలో అర్థం చేసుకున్నాను. పిల్లర్లు ఎన్ని అంతస్తులకు వేశారన్నది పుట్టుక. ఎంత తొందరగా కడతామన్నది తిండి. సామాన్ ఆపేస్తే బిల్డింగ్ చిన్నదైపోదు, సగంలో నిలబడిపోతుంది. ఈ మాట చెబితే ఉస్తాద్ సంతోషించి నాకు బరువుల పుస్తకం ఇచ్చాడు. ప్రతి పిల్లనూ వారం వారం తూచి అందులో రాయాలి. చదువుకున్నవాళ్ళ పని నాకు అప్పగించారని నేను వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

పిల్లలు ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో ఉండేవి. కలిపిన ఈత డబ్బాలకు ఎర్ర చీటీ, పెద్ద రకానికి నీలం చీటీ, దాని మీద నంబరు. ఆ చీటీలు డబ్బాకు అంటించి ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ని కాదు. మూతల మీద అంటించాం.

జూలైలో ఉస్తాద్ కంటి ఆపరేషన్‌కని ఆసుపత్రిలో చేరాడు. ఆ రెండో రోజు మిట్టమధ్యాహ్నం పాముల గది ఏసీ ఆగిపోయింది. బహ్రెయిన్ జూలై ఎండ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. గది కొలిమిలా అయింది. మెకానిక్ వచ్చేదాకా ఆగితే పిల్లలు బతకవు. తమ్మి గడప అవతల నిలబడి దేవుణ్ణి తలుచుకుంటుంటే, నేను ఒక్కణ్ని డబ్బాలన్నిటినీ హాల్లోకి మోశాను. గాలి ఆడాలని మూతలు తీసి, పైన వల బట్ట కట్టాను. సాయంత్రానికి ఏసీ బాగైంది. ఒక్కో డబ్బాకు దాని మూత వెతికి పెట్టుకుంటూ వచ్చాను. చివరికి రెండు డబ్బాలు, రెండు మూతలు మిగిలాయి. మూతల్లో ఒకటి ఎర్ర చీటీ, ఒకటి నీలం. డబ్బాల్లో రెండూ ఆడపిల్లలే. ఒకే రంగు, ఒకే పొడవు. ఏ మూత దేనిదో నాకు గుర్తులేదు.

రెండు డబ్బాల్లోకీ మార్చి మార్చి చూశాను. తర్వాత ఒకదాని మీద ఎర్రది పెట్టాను, ఇంకోదాని మీద నీలం. సరిగ్గా పడటానికీ తప్పుగా పడటానికీ సగం సగం అవకాశం. నా చెయ్యి రెండో సగాన్ని పట్టుకుంది.

ఉస్తాద్ ఇంటికొచ్చాక చెప్పొచ్చు. చెప్పలేదు. నాకంటే ముందు ఆ పనిలో ఉన్నతను ఒక డబ్బాకు గొళ్ళెం పెట్టడం మరిచిపోయి పాము బయటికొచ్చినందుకు వారంలో ఇంటికి పోయాడని విన్నాను. నాకప్పుడు పెద్ద బిడ్డ నర్సింగ్ చదువు మధ్యలో ఉంది. కంటికి పట్టీతో ఉన్న మనిషికి ఇప్పుడెందుకు అనుకున్నాను. పట్టీ తీశాక ఇంకేదో అనుకున్నాను. రోజులు పోయినకొద్దీ తప్పు పాతబడుతుందనుకున్నాను గానీ, అది పాములాగే పెరిగింది.

ఆగస్టులో ఒక తెలుగు కుటుంబం పాము కోసం వచ్చింది. తమ్మితో పాటు ప్రార్థనకు వచ్చేవాళ్ళే. అతనే తీసుకొచ్చాడు. భర్త మనామాలో చిన్న ఆఫీసులో పని చేస్తాడు, ఆమె నర్సు. ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్ళది. పాము కావాలని రెండేళ్ళుగా ప్రాణం తీస్తోందట. తల్లి ఉస్తాద్‌ని ఒకటికి నాలుగుసార్లు అడిగింది: "ఇది నిజంగా పెద్దది అవదు కదండీ?" ఎర్ర చీటీ డబ్బాలన్నీ పాప ముందు పెట్టాం. పాప వేలు పెట్టి చూపించింది ఆ డబ్బానే. ఉస్తాద్ చీటీ చదివి, "మంచిది ఎంచుకున్నావు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మిగతా డబ్బాలను తిరిగి గదిలోకి మోసుకుపోయాను.

కొన్ని నెలలకు తేడా తెలియసాగింది. నీలం చీటీ పిల్లలన్నీ దూసుకుపోతున్నాయి. ఒక్కటి మాత్రం వెనకబడింది. ఉస్తాద్ పుస్తకం చూసి, "దీనికి తిండి సరిగ్గా పెడుతున్నావా?" అన్నాడు. పెడుతున్నానన్నాను. నిజమే పెడుతున్నాను. ఆయన పేడ పరీక్ష చేయించాడు, పురుగుల్లేవు. అయితే ఎలుక సైజు పెంచమన్నాడు. పెంచాను. రెండు రోజులకు అది మొత్తం కక్కేసింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ కక్కింది. నాకు తెలుసు అది కలిపిన ఈతదని, దాని ఒంటికి అంత తిండి పట్టదని. తెలిసీ నా చేత్తోనే పెట్టాను. పాము అరవదు కదా. కక్కాక డబ్బాలో ఒక మూలకు పోయి చుట్టుకుని పడుకునేది. దాని వెన్నెముక వేలికి తగిలేది.

ఇంకో పని కూడా చేశాను. చెప్పడానికి అన్నిటికంటే సిగ్గుపడేది ఇదే. ఫిబ్రవరిలో ఒక వారం దాని బరువు బాగా తగ్గింది. ఉస్తాద్ మళ్ళీ అడుగుతాడని భయపడి, పుస్తకంలో ముప్పై గ్రాములు ఎక్కువ వేసి రాశాను. ఆ సాయంత్రం ఆయన పుస్తకం చూసి, "అల్‌హమ్‌దులిల్లా, కోలుకుంటోంది" అని నా భుజం తట్టాడు. ఆ తర్వాత నాకు సరిగ్గా నిద్రపట్టిన రోజు లేదు.

మార్చిలో ఒక శుక్రవారం పొద్దున. తమ్మి ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రార్థనకు బయల్దేరుతున్నాడు. నేను వంటింట్లో చాయ్ తాగుతున్నాను. నా ఫోన్ మోగింది. పాప నాన్న.

"అన్నా, ఒక్క మాట అడగాలి. మా పాము రోజూ మూతకేసి కొట్టుకుంటోంది. ముక్కు గీరుకుపోయింది. పుస్తకాలు బరువు పెట్టాల్సి వస్తోంది మూత మీద. జబ్బేమో అని."

"ఏం పెడుతున్నరు సార్ దానికి?"

"నెలకో చిన్న ఎలుక. చిన్న జాతి కదా అన్నా, ఎక్కువ పెడితే పెద్దదైపోతుందేమోనని మా ఆవిడ భయం. అయినా పొడుగు బాగానే సాగింది. సరేగానీ, ఇవాళ మా పాప పుట్టినరోజు. నాలుగింటికి వాళ్ళ క్లాసు పిల్లలు వస్తున్నారు. పామును బయటికి తీసి అందరి చేతికీ ఇస్తానంటోంది. పర్లేదు కదా?"

చాయ్ గ్లాసు కింద పెట్టాను. పెద్ద రకం పాము, ఏడు నెలలుగా ఆకలితో ఉన్న పాము, చుట్టూ పదిమంది చిన్నపిల్లలు. "తియ్యకుండ్రి సార్. మేం వస్తున్నం. మేం వచ్చేదాక మూత తియ్యకుండ్రి" అన్నాను.

ఫోన్ పెట్టేసరికి తమ్మి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. "ఏంటన్నయ్యా, మొహం అలా అయిపోయింది?"

అప్పుడు మొత్తం చెప్పాను. ఏసీ ఆగిన రోజు, రెండు మూతలు, తప్పుడు బరువు. అతని మొహం ఎర్రబడింది.

"వాళ్ళని ఇక్కడికి తీసుకొచ్చింది నేనే కదన్నయ్యా! ఆ పాపని నా చేతుల మీద ఎత్తుకున్నాను. ఎనిమిది నెలలు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావ్, ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"అనిపించింది తమ్మీ. దినాం అనిపించింది."

"మరి పద. నాకు కాదు చెప్పాల్సింది." బైబిలు బల్ల మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని ఉస్తాద్ గదిదాకా లాక్కెళ్ళాడు. లోపలికి మాత్రం నన్నొక్కణ్నే తోశాడు.

ఉస్తాద్ కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాడు. నేను నిలబడే చెప్పాను.  నేను ఆపాక ఆయన పేపరు మడిచి, లేచి, అల్మారా తెరిచి ఒక పెద్ద ఆల్బమ్ తీశాడు. పాముల గదికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

ఆ ఆల్బమ్ నేను చాలాసార్లు చూశాను. పిల్లలు పుట్టిన రోజే ఆయన ఒక్కోదానికీ ఫోటో తీసి, నంబరు వేసి అందులో పెట్టుకునేవాడు. ముసలాయన సరదా అనుకునేవాణ్ని. ఆయన వెనకబడిన పిల్లను బయటికి తీసి బల్ల మీద పెట్టి, వేలితో మెడ దగ్గర నుంచి వీపు మీది మచ్చలు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడో మచ్చ ఎడమ పక్క నాలుగో దానితో కలిసి ఉంది. ఆల్బమ్‌లో ఎర్ర అంకె వేసిన ఒక ఫోటోలో మూడో మచ్చ అలాగే నాలుగో దానితో కలిసి ఉంది.

"పాము పెరిగినా ఈ మచ్చల ఆకారం మారదు. మనుషులకు వేలిముద్ర ఉంటుందే, అలాంటిది" అన్నాడు. "నువ్వు ఆసుపత్రికి ఫోన్ చేసి ఉంటే, ఆల్బమ్ తీసి మచ్చలు చూసుకోమనేవాణ్ని. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాలు! నేను ఎనిమిది నెలలు మోసిన బరువుకు మందు నేను రోజూ దుమ్ము తుడిచే అల్మారాలో ఉంది. నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆయన బరువుల పుస్తకం తెరిచి నాకు పెన్ను ఇచ్చాడు. ఫిబ్రవరి పేజీ. తప్పుడు అంకెను కొట్టేసి, పక్కన అసలు బరువు రాసి, సంతకం పెట్టమన్నాడు. అసలు బరువు నాకు గుర్తుంది. మరిచిపోతే కదా. రాశాను.

"మూతలు మారడం చెయ్యి చేసిన తప్పు. నా చెయ్యీ చేస్తుంది. ఈ అంకె చూసి నేను ఆ పిల్లకు ఇంకో నెల తిండి ఎక్కువ పెట్టించాను. నన్ను గుడ్డివాణ్ని చేశావు. కన్ను బాగు చేయించుకుని వచ్చాక." ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది. "ఖలాస్. మిగతాది తర్వాత. యల్లా, పద, బండి తియ్యమను."

మనామాలో వాళ్ళ ఫ్లాటు మూడో అంతస్తు. తలుపు తెరవగానే బెలూన్లు, రంగు కాగితాలు. పిల్లలు ఇంకా రాలేదు. పాప కొత్త గౌను వేసుకుని గాజు పెట్టె ముందు కూర్చుని ఉంది. పెట్టె మూత మీద నాలుగు లావుపాటి పుస్తకాలు. లోపల పాము మూలమూలా తిరుగుతోంది. పొడుగ్గా ఉంది, తల పెద్దగా ఉంది, ఒళ్ళు మాత్రం సన్నం. రెండు పక్కలా కండ జారిపోయి వీపు పెంకుటింటి కప్పులా నిలబడింది. చూడగానే నాకు తెలిసిపోయింది. సగంలో సామాన్ ఆగిపోయిన బిల్డింగ్.

"దానికి ఆకలేస్తోంది అంకుల్. నేను రోజూ చెప్తున్నా. ఎవ్వరూ వినట్లేదు" అంది పాప నన్ను చూసి.

"నువ్వు చెప్పిందే నిజం బిడ్డా. కొంచెం అవతలకి జరుగు" అని పాపను వాళ్ళమ్మ దగ్గరికి పంపి, పుస్తకాలు దించి, మూత తీశాను.

నేను తొందరపడ్డాను. ఆ తొమ్మిదేళ్ళ మొత్తంలో ఇంకెన్నడూ చేయని పని, వట్టి చెయ్యి పెట్టాను. అది నా ముంజేతిని పట్టుకోవడం నేను చూడను కూడా లేదు. తెలిసేసరికి పళ్ళు దిగాయి, రెండు చుట్లు చుట్టేసింది. పాప కెవ్వుమంది.

"కదలకు. లాగితే పళ్ళు విరుగుతాయి" అన్నాడు ఉస్తాద్ ప్రశాంతంగా. "చల్లటి నీళ్ళు."

వంటింట్లోంచి చెంబుతో పరుగెత్తుకొచ్చింది మా తమ్మి. పాముల గది గడప తొక్కనివాడు నా పక్కకు వచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, పైకే ప్రార్థన చేస్తూ చెంబెడు నీళ్ళూ కుమ్మరించాడు. సగం నా చొక్కా మీద పడ్డాయి. మిగతా సగం పాము మూతి మీద పడ్డాయి. అది వదిలేసింది. ఉస్తాద్ మెల్లగా తోక వైపు నుంచి చుట్లు విప్పి, దాన్ని గుడ్డ సంచిలో వేసి ముడి వేశాడు. సంచిలో వేసేలోపే మెడ దగ్గర మచ్చలు వెంట తెచ్చిన ఆల్బమ్‌తో సరిచూడటం కూడా అయిపోయింది. నీలం అంకె.

పాప వాళ్ళమ్మ నా చెయ్యి కుళాయి కింద పట్టి సబ్బుతో కడిగింది. గుర్రపు నాడా ఆకారంలో చిన్న చిన్న గాట్లు, అంతే. నర్సు కదా, కట్టు కూడా తనే కడుతూ అడిగింది.

"ఇది నా కూతురి చెయ్యి అయ్యుంటే? ఇంకో నాలుగైదు గంటల్లో అదే జరిగేది కదా?"

"తప్పు నాది మేడమ్. మూతలు నేనే మార్చిన. చెప్పకుండ దాచింది గూడ నేనే" అన్నాను.

ఆమె ఉస్తాద్ వైపు తిరిగింది. ఆయనకు తెలుగు రాదు. అయినా నేనేం చెప్పానో అర్థమైనట్టుంది. తల వంచి, హిందీలో, "చీటీ చదివి మీ చేతికిచ్చింది నేను. తప్పు మా ఇంటిది. మమ్మల్ని క్షమించండి" అన్నాడు. నన్ను వేరు చేసి చూపించలేదు. మా ఇంటిది అన్నాడు.

పాప నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "మేం దాన్ని ఆకలితో మాడ్చాం" అన్నాడు. అప్పటిదాకా కోపంగా ఉన్న ఆమె, పక్కన కూర్చుని మొగుడి వీపు మీద చెయ్యి వేసింది. పాప మాత్రం సంచీ వైపే చూస్తోంది. ఉస్తాద్ పాప ఎత్తుకు వంగి, అసలు పాము ఒకటి మా ఇంట్లో ఉందని, దానికి ఒంట్లో బాగాలేదని, బాగవగానే తెచ్చిస్తానని చెప్పాడు. వాళ్ళమ్మ వైపు చూసి, "మీకు ఇష్టమైతేనే" అన్నాడు. ఆమె వద్దనలేదు.

"ఇది నన్ను గుర్తుపెట్టుకుంటుందా?" అని అడిగింది పాప.

ఆయన అబద్ధం చెప్పలేదు. "పాములు అలా గుర్తుపెట్టుకోవు తల్లీ. దానికి ఆకలేస్తోందని ఈ ఇంట్లో తెలిసింది నీకొక్కదానికే. అది నువ్వు గుర్తుపెట్టుకో" అన్నాడు.

పాములేమయ్యాయో ముందు చెప్పేస్తాను, మీకు ఆదుర్దా ఉంటుంది. రెండూ బతికాయి. ఆకలితో మాడినదానికి ఒక్కసారిగా పెట్టకుండా చిన్న ఎలుకలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాం. ఏడాది తిరిగేసరికి దాని అక్కచెల్లెళ్ళకు కొంచెం తక్కువలో వచ్చేసింది. కక్కుతున్నదానికి మూడు వారాలు ఏమీ పెట్టలేదు. తర్వాత వేలెడంత ఎలుకపిల్లను పెట్టాం. వారం తర్వాత ఒక పొద్దున డబ్బాలో శుభ్రమైన పేడ కనిపించింది. తిన్నది అరిగిందన్నమాట. ఉస్తాద్, నేను ఆ డబ్బా మీదికి వంగి పేడను చూసి మురిసిపోతుంటే, గడప అవతల నుంచి తమ్మి, "మీ ఇద్దరికీ మతి పోయింది" అన్నాడు. ఎండాకాలం సెలవులు అయ్యాక పాప, వాళ్ళమ్మ కలిసి వచ్చి దాన్ని తీసుకెళ్ళారు. ఈసారి వాళ్ళమ్మే మచ్చలు లెక్కపెట్టి ఆల్బమ్‌తో సరిచూసుకుంది. నేను దేశం వచ్చేసరికి అది వాళ్ళింట్లో మధ్యస్తంగా, బొద్దుగా, ఏ తొందరా లేకుండా పెరుగుతోంది. చీటీలు ఆ వారమే డబ్బాలకు మార్చేశాం.

నన్ను ఇంటికి పంపలేదు. ఆ మాటే రాలేదు. నేను భయపడ్డ శిక్ష నేనే కల్పించుకుని, దాన్నే ఎనిమిది నెలలు అనుభవించాను. నాకంటే ముందతను వెళ్ళిపోయింది చెల్లెలి పెళ్ళికని, తిరిగి రావడం అతనికే ఇష్టం లేదని చాలా రోజుల తర్వాత తెలిసింది. మీరు ఎక్కడ పనికి పోయినా తప్పు చేస్తారు. చేసిన రోజే చెప్పండి అని సలహా ఇవ్వడం తేలిక. నా మాట అంత తేలికగా వినేవాళ్ళయితే మీకు నా సలహా అక్కర్లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: మీరు నోరు మూసుకున్నందుకు తిండి లేకనో, తిండి ఎక్కువయ్యో నలిగిపోతున్న ప్రాణి ఏదైనా ఉందా అని. ఉంటే ఆ రోజే చెప్పండి.

ఆ శుక్రవారం తిరుగు ప్రయాణం గురించి రాసి ఆపేస్తాను. ఉస్తాద్ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక, ఒళ్ళో గుడ్డ సంచి. సంచిలో పాము, చేతికి కట్టు, తడిసిన చొక్కా.  మనామా దాటామో లేదో, నాకు తెలియకుండానే కళ్ళు మూతపడ్డాయి. ఫిబ్రవరి నుంచీ రాని నిద్ర.

మెలకువ వచ్చేసరికి బండి మా గేటు ముందు, గోడ నీడలో ఆగి ఉంది. ఏసీ నడుస్తూనే ఉంది. ఎండ గోడ ఆ పక్కకు పోయింది, అంటే చాలాసేపయింది. ఉస్తాద్ కళ్ళద్దాలు పెట్టుకుని బరువుల పుస్తకం చదువుకుంటున్నాడు. తమ్మి స్టీరింగ్ పట్టుకుని, నా సంచికి ఎంత దూరంగా జరగొచ్చో అంత దూరంగా తలుపుకు అతుక్కుపోయి కూర్చున్నాడు. అయినా దిగి లోపలికి పోలేదు.

"వచ్చి చాలాసేపయిందా?" అన్నాను.

"ఎలాగూ ఇవాళ ప్రార్థన అయిపోయింది" అన్నాడు తమ్మి. "పడుకో అన్నయ్యా, ఇంకాసేపు. నీ పాము కూడా పడుకుంది."